పతకం వెనక పానా పట్టిన చెయ్యి

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశానికి 29 పతకాలు వచ్చాయి. 7 స్వర్ణాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన రోజు మీలో చాలామంది వాట్సాప్ స్టేటస్ పెట్టే ఉంటారు. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. అవే పోటీల్లో చక్రాల కుర్చీలో ఆడినవాళ్లకు చక్రం వంగితే ఎవరు సరిచేశారు? ట్యూబు పంచరైతే ఎవరు మార్చారు? ఆట మధ్యలో బోల్టు ఊడిపోతే పానా పట్టుకుని ఎవరు పరుగెత్తారు?

పేర్లు మనకు తెలియవు. టీవీలో వాళ్లు కనిపించరు. కానీ వాళ్లు లేకపోతే ఆట లేదు. 1988 సియోల్ పారాలింపిక్స్‌లో జర్మనీకి చెందిన ఒట్టోబాక్ సంస్థ తొలిసారి రిపేరు కేంద్రం పెట్టినప్పుడు అందులో ఉన్న టెక్నీషియన్లు నలుగురే. పారిస్ నాటికి ఆ సంఖ్య 160 దాటింది. ఏ దేశపు క్రీడాకారుడైనా, ఏ కంపెనీ కుర్చీ అయినా అక్కడ రిపేరు ఉచితం. 36 ఏళ్లలో నలుగురి నుంచి 160 దాకా! ఉద్యోగాల కోసం వెతుకుతున్న మీరు ఈ లెక్కను ఒక్కసారి ఆగి చూడాలి.

బాన్సువాడకు దీనితో పనేంటి?

'పారిస్ ఎక్కడ, బాన్సువాడ ఎక్కడ' అంటారా? సరే, బాన్సువాడలోనే మొదలుపెడదాం. నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లలో వరికోతలు వస్తే హార్వెస్టర్లు, ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. మధ్యలో బెల్టు తెగినా, బేరింగు పోయినా మెకానిక్ పొలంలోకే వచ్చి టార్చిలైటు వెలుగులో బాగు చేస్తాడు. వాన వచ్చేలోపు కోత అయిపోవాలి కదా! షోరూమ్ నుంచి పార్టు వచ్చేదాకా ఆగే తీరిక రైతుకు ఉండదు. ఉన్నదాంతో బండిని నడిపించాలి, మళ్లీ రేపు గట్టిగా బిగించాలి.

వీల్‌చైర్ క్రీడల్లో టెక్నీషియన్‌కు కావాల్సిన బుద్ధి కూడా అచ్చంగా ఇదే. తక్కువ టైము, చేతిలో ఉన్న సామాను, ఎదురుగా ఆగిపోయిన మనిషి. సైకిల్ షాపులో చువ్వలు బిగించి రిమ్ము బెండు తీసే కుర్రాడికి ఈ పనిలో సగం వచ్చినట్టే. అల్యూమినియం మీద ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాడికి మిగతా సగంలో చాలా భాగం వచ్చినట్టే. మీ నాన్నకో, బాబాయికో, మేనమామకో అలాంటి షాపు ఉంటే దాన్ని చిన్నతనంగా చూడకండి. డిగ్రీ సర్టిఫికెట్ పక్కన ఆ చేతిపని కూడా ఉంటే, దాన్ని చూపించి మాట్లాడగలిగిన చోట్లు ఉన్నాయి.

ఆ కుర్చీలో ఏముంది?

ఆసుపత్రిలో చూసే చక్రాల కుర్చీ, కోర్టులో పరుగెత్తే కుర్చీ ఒకటి కావు. ఆసుపత్రి కుర్చీని వెనక నుంచి ఇంకొకరు తోస్తారు. ఆటల కుర్చీని నడిపేది కూర్చున్నవాడే. అందుకే అది మడతపడదు, ఫ్రేము ఒకే ముక్కలా బిగువుగా ఉంటుంది. బాస్కెట్‌బాల్ కుర్చీలో పెద్ద చక్రాలు నిలువుగా ఉండవు. పైభాగం లోపలికి, కిందిభాగం బయటికి వాలి ఉంటాయి. ఆ వాలు వల్లే కుర్చీ పక్కకు పడిపోకుండా గిర్రున తిరుగుతుంది. వెనక్కి పల్టీ కొట్టకుండా వెనకవైపు ఒకటో రెండో చిన్న చక్రాలు ఉంటాయి. ముందు కాళ్లకు అడ్డంగా కడ్డీ ఉంటుంది. రగ్బీ కుర్చీలైతే ఒకదాన్నొకటి గుద్దుకోవడానికే తయారైనవి. పరుగుపందెం కుర్చీకి మూడే చక్రాలు, ముందుకు సాగిన పొడవాటి ముక్కు.

ఇందులో సూక్ష్మం ఒకటి చెప్తాను. వాలు పెట్టిన చక్రాల ఇరుసు కొంచెం మెలిక తిరిగిందనుకోండి, రెండు చక్రాలూ ముందువైపు దగ్గరకో దూరానికో జరుగుతాయి. కంటికి కనిపించదు. కానీ కుర్చీ బ్రేకు పట్టినట్టు లాగుతుంది. ఆటగాడు 'ఇవాళ భుజాలు పనిచేయట్లేదు' అనుకుంటాడు. తెలిసిన టెక్నీషియన్ టేపు తీసి, ఇరుసు ఎత్తులో రెండు చక్రాల మధ్య ముందువైపు కొలుస్తాడు, వెనకవైపు కొలుస్తాడు. రెండూ సమానంగా లేకపోతే జబ్బు దొరికినట్టే. భుజాలది కాదు, ఇరుసుది. అలాగే చిన్న చక్రాల బేరింగుల్లో వెంట్రుకలు, దారపుపోగులు చుట్టుకుంటాయి. అవి తీసి శుభ్రం చేస్తే ఖర్చు లేకుండానే కుర్చీకి వేగం వస్తుంది.

రూల్సు కూడా తెలియాలి. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో ప్రతి ఆటగాడికీ శరీర సామర్థ్యాన్ని బట్టి 1.0 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. కోర్టులో ఉన్న ఐదుగురి మొత్తం 14 దాటకూడదు. సీటు ఎంత ఎత్తు ఉండొచ్చన్నదీ ఆ పాయింట్లను బట్టే మారుతుంది. మెత్త మందం మారిస్తే ఎత్తు మారుతుంది. కొలతలో తేడా వస్తే ఆ కుర్చీతో ఆడనివ్వరు. అంటే మెకానిక్ అంటే పానా తిప్పేవాడు మాత్రమే కాదు, రూల్‌బుక్ చదివినవాడు కూడా.

లెక్క వేసి చూడండి. ఎనిమిది టీములు, టీముకు 12 మంది. మొత్తం 96 మంది, 96 ఆటకుర్చీలు, 192 పెద్ద చక్రాలు. వాళ్లు రోజూ వాడుకునే కుర్చీలు దీనికి అదనం. మూడు రోజుల టోర్నమెంటు. దానికి ఒక్క సైకిల్ మెకానిక్‌ను, అదీ ఎవరో ఫోన్ చేస్తే వచ్చేవాణ్ని పెట్టుకుంటే ఏమవుతుంది? ఒక బోల్టు కోసం ఒక టీము ఇంటికి పోతుంది. ఏడాదంతా ప్రాక్టీసు చేసిన పిల్ల బెంచీ పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తుంది.

వాలంటీర్ అంటే ఫొటో దిగేవాడు కాదు

టెక్నీషియన్ పని ఎంత ముఖ్యమో వాలంటీర్ పని అంత ముఖ్యం. అది మామూలు ఈవెంట్ డ్యూటీలా ఉండదు. ఆటగాళ్లు కోర్టులోకి దిగేటప్పుడు సొంత కుర్చీ లోంచి ఆటకుర్చీ లోకి మారతారు. సొంత కుర్చీ గోడ పక్కన ఉంటుంది. ఎవరో 'దారికి అడ్డం' అని దాన్ని ఇంకో గదిలోకి నెట్టేశారనుకోండి, మ్యాచ్ అయ్యాక ఆ మనిషికి బాత్రూమ్‌కు పోయే దారి కూడా ఉండదు. మీ చెప్పులు పోయినట్టు కాదు, మీ కాళ్లు ఎవరో ఎత్తుకెళ్లినట్టు. ఆ కుర్చీలకు చీటీలు అంటించి, వరుసగా పెట్టి, చివరిదాకా కాపలా ఉండేవాడే మంచి వాలంటీర్.

ఇంకొన్ని సంగతులు. అడగకుండా ఎవరి కుర్చీనీ తోయకూడదు, పట్టుకోకూడదు. కోర్టులో పడిపోయినవాళ్లను చూసి ఉరికి ఎత్తకూడదు. చాలామంది తమంతట తామే లేస్తారు. సాయం కావాలంటే వాళ్లే చెప్తారు. మాట్లాడేటప్పుడు పక్కన ఉన్న అన్నతోనో అమ్మతోనో కాదు, ఆటగాడితోనే మాట్లాడాలి. వెన్నుపూసకు గాయమైనవాళ్లలో చాలామందికి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ఎండలో ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పోటీ పెడితే నీళ్లు, నీడ, తడిగుడ్డ అన్నవి మర్యాదలు కావు, ప్రాణావసరాలు. ర్యాంపు ఉందని నిర్వాహకులు చెప్తే సరిపోదు. ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉందా అని టేపు పెట్టి చూడాలి. బాత్రూమ్ తలుపులో కుర్చీ పడుతుందా అని ముందురోజే కుర్చీ తీసుకెళ్లి చూడాలి.

ఇవన్నీ పెద్ద చదువులు కావు. కానీ తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా మొదటి గంటలోనే బయటపడుతుంది.

సేవ వేరు, పని వేరు

ఇక్కడే నా అసలు మాట. మన దగ్గర పారా క్రీడలంటే 'సేవ' అనే పదం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. 'సేవా కార్యక్రమం కదా, డబ్బులు అడుగుతావా?' అంటారు. అదే కార్యక్రమంలో టెంట్ హౌస్‌వాళ్లకు డబ్బులు ఇస్తారు. మైక్ సెట్‌వాళ్లకు ఇస్తారు. ఫ్లెక్సీకి, శాలువాలకు, భోజనాలకు ఇస్తారు. 96 కుర్చీలను మూడు రోజులు నడిపించినవాడికి మాత్రం సర్టిఫికెట్, ఒక సెల్ఫీ. ఇది న్యాయమా?

డబ్బు లేదన్న మాటలో నిజం ఉంది, కాదనను. పారా క్రీడల సంఘాలు చాలావరకు విరాళాల మీద నడుస్తాయి. ఆటగాళ్లే సొంత ఖర్చులతో రైలెక్కి వస్తుంటారు. కానీ ఉన్న కొద్ది డబ్బులో దేనికి ముందు ఇవ్వాలన్నదే ప్రశ్న. వేదిక మీద కట్టే బ్యానరు ఒక అడుగు తగ్గితే ఆట ఆగదు. బేరింగు లేకపోతే ఆగుతుంది. టెక్నీషియన్ కూలి, స్పేరు సామాను ఖర్చు ప్రతి టోర్నమెంటు బడ్జెట్లో మొదటి వరుసలో ఉండాలి. ప్రభుత్వాలు, కంపెనీలు సాయం చేసేటప్పుడు కూడా ఈ వరుస ఉందా అని చూసి ఇవ్వాలి.

చూపులేని క్రీడాకారులతో కలిసి పరుగెత్తే గైడ్‌కు ఇప్పుడు పతకం ఇస్తున్నారు. పారిస్‌లో 200 మీటర్ల కాంస్యం సిమ్రన్ శర్మ గెలిస్తే, ఆమె గైడ్ అభయ్ సింగ్ కూడా పక్కనే పోడియం ఎక్కాడు. ఒకప్పుడు గైడ్‌లకూ ఆ గౌరవం లేదు. అంటే తెర వెనక చెయ్యి ఎప్పటికీ తెర వెనకే ఉండాలన్న రూలేమీ లేదు. టెక్నీషియన్‌కు పతకం ఇవ్వమని నేను అనడం లేదు. కూలి ఇవ్వండి, కార్యక్రమం కాగితం మీద పేరు రాయండి. అంతే.

వాలంటీర్ల సంగతి కొంచెం వేరు. పారిస్‌లో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటికీ కలిపి 45 వేల మంది వాలంటీర్లు పనిచేశారు, జీతం లేకుండానే. ఇష్టంతో రెండు రోజులు ఇవ్వడం మంచి పనే. కానీ జేబులోంచి ఖర్చు పెట్టుకుని సేవ చేయమంటే ఎవరు చేయగలరు? బాన్సువాడ నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ బస్సు చార్జీలు, అక్కడ మూడు రోజుల తిండి, పడక. ఇవి భరించగలిగినవాళ్ల రెజ్యూమెలోనే ఆ అనుభవం చేరుతుంది. కూలికి పోయే ఇంటి పిల్లవాడు, వాడికి పని ఎంత బాగా వచ్చినా, బయటే మిగిలిపోతాడు. అవకాశం కూడా డబ్బున్నవాళ్ల ఆస్తి అయిపోతుంది.

కాబట్టి ఎవరైనా వాలంటీరుగా పిలిస్తే సిగ్గుపడకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. దారి ఖర్చు, భోజనం, వసతి ఎవరిది? పని ఎన్ని గంటలు? ముందు శిక్షణ ఇస్తారా? సర్టిఫికెట్ మీద 'పాల్గొన్నారు' అని రాస్తారా, ఏం పని చేశామో రాస్తారా? ఈ నాలుగింటికీ సరైన జవాబు ఇచ్చే నిర్వాహకుల దగ్గర మీరు నేర్చుకుంటారు. జవాబు చెప్పకుండా తప్పించుకునేవాళ్ల దగ్గర కుర్చీలు మోస్తారు, అంతే.

ఉద్యోగం దొరుకుతుందా?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. 'వీల్‌చైర్ క్రీడల టెక్నీషియన్ కావలెను' అన్న నోటిఫికేషన్ కోసం కూర్చుంటే గడ్డాలు నెరుస్తాయి. మన దేశంలో ఇది ఇంకా విడి ఉద్యోగంగా ఏర్పడలేదు. కానీ దాని చుట్టూ పని ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి ఏడిప్ పథకం కింద ట్రైసైకిళ్లు, కుర్చీలు, ఇతర ఉపకరణాలు ఇస్తోంది. కాన్పూర్‌లోని అలింకో వంటి ప్రభుత్వ సంస్థలు వాటిని తయారు చేస్తున్నాయి. ఏ బండికైనా ఇవ్వడం ఒక రోజు పని, నడిపించడం ఏళ్ల పని. ఆ ఏళ్ల పని చేసే మనిషి మండల కేంద్రంలో ఎవరున్నారు? ఆ ఖాళీయే మీ అవకాశం.

కొత్త కంపెనీలు కూడా వస్తున్నాయి. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ సుజాత శ్రీనివాసన్ నడిపించిన పరిశోధన కేంద్రం నుంచి నియోమోషన్ అనే స్టార్టప్ పుట్టింది. మనిషి కొలతలకు తగినట్టు కుర్చీ తయారు చేయడం, దానికి మోటారు బండిని తగిలించి రోడ్డు మీద నడిపించడం దాని పని. ఇలాంటి చోట్ల డిజైన్ చేసేవాళ్లతో పాటు కొలతలు తీసేవాళ్లు, బిగించేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు, వాడేవారికి నేర్పేవాళ్లు కావాలి.

చదువు దారి కావాలంటే ఉంది. ఇంటర్ సైన్స్ తర్వాత ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ చేయొచ్చు. కృత్రిమ అవయవాలు, ఊతపరికరాలు తయారు చేసి అమర్చే చదువు ఇది. నాలుగేళ్ల కోర్సు, ఆపై ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కటక్ దగ్గర స్వామి వివేకానంద జాతీయ సంస్థలో, కోల్‌కతాలోని జాతీయ లోకోమోటర్ దివ్యాంగుల సంస్థలో ఈ కోర్సు ఉంది. ఏ కాలేజీలో చేరినా భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే ప్రాక్టీసుకు రిజిస్ట్రేషన్ దొరకదు. ఐటీఐ దారి ఇంకా దగ్గర. ఏడాది వెల్డర్ ట్రేడు, రెండేళ్ల ఫిట్టర్ ట్రేడు ఈ పనికి గట్టి పునాది. వీల్‌చైర్‌ను మనిషికి ఎలా అమర్చాలో నేర్పే శిక్షణ పాఠాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఇంగ్లిష్‌లో ఉన్నాయని వెనకాడకండి. బొమ్మలు, కొలతలతో ఉంటాయి, నెమ్మదిగా చదివితే అర్థమవుతాయి.

ముందున్న రోజులూ చూడండి. 2025లో ఢిల్లీ ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలకు వేదికైంది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. కామన్వెల్త్ క్రీడల్లో పారా పోటీలు విడిగా ఉండవు, మిగతా పోటీలతో కలిసే జరుగుతాయి. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లకు అప్పటికి చేతి నిండా అనుభవం ఉండొచ్చు, మొదలుపెడితే.

మనవాళ్ల దారి

'ఇవన్నీ పెద్ద నగరాలవాళ్లకే' అనుకునేవాళ్లకు ఒక పేరు చెప్తాను. ప్రతిపాటి మాధవీలత. ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతంలో పుట్టారు. పసితనంలోనే పోలియో. చదువుకుని చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేశారు. ఆరోగ్యం కోసం నీళ్లలోకి దిగి జాతీయ పారా ఈత పోటీల్లో పతకాలు గెలిచారు. అక్కడితో ఆగితే ఒక మంచి క్రీడాకారిణి కథ అయ్యేది. ఆమె అక్కడ ఆగలేదు. భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నిలబెట్టే పనిలోకి దిగారు. ఆటగాళ్లను వెతకడం, కుర్చీలు సంపాదించడం, కోచ్‌లను రప్పించడం, కోర్టులు అడుక్కోవడం. పతకం రాని పనులన్నీ. దేశంలో ఈ ఆటకు ఒక రూపం వచ్చిందంటే ఆ పనుల వల్లే. హైదరాబాద్‌లో ఆదిత్య మెహతా కూడా అంతే. ప్రమాదంలో కాలు పోయాక పారా సైక్లిస్ట్ అయ్యారు, తర్వాత తన పేరు మీద ఫౌండేషన్ పెట్టి ఇతరులకు శిక్షణ ఇస్తున్నారు.

ఈ ఇద్దరి దారిలోనూ మీరు గమనించాల్సింది ఒకటుంది. అవసరం ఏంటో బాగా తెలిసింది దాన్ని అనుభవించినవాళ్లకే. మీరే దివ్యాంగులైతే ఈ టెక్నీషియన్ పని మీకు ఇంకా దగ్గర. కుర్చీ ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ లాగుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఆ గంటలన్నీ గడ్డి పీకడానికీ ర్యాలీలకే ఎందుకు? మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్‌ను అడిగి నెలకో ఆదివారం వీల్‌చైర్, ట్రైసైకిల్ రిపేరు శిబిరం పెట్టండి. ఊళ్లో ఉన్న సైకిల్ మెకానిక్‌ను పిలవండి, ఆ రోజు కూలి చందా వేసుకుని ఇవ్వండి. ఆయన దగ్గర పని నేర్చుకోండి. పంచరు, చువ్వలు, బేరింగు, బ్రేకు, ఈ నాలుగూ వస్తే పల్లెల్లో ఆగిపోయిన బళ్లలో చాలావరకు కదులుతాయి. చేసిన ప్రతి రిపేరునూ నోటుబుక్కులో రాయండి. ఏం పోయింది, ఏం మార్చాం, ఎంతైంది, ఎంతసేపు పట్టింది. ఆరు నెలల తర్వాత ఇంటర్వ్యూలో ఆ నోటుబుక్కే మీకోసం మాట్లాడుతుంది.

తర్వాత హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో పారా టోర్నమెంటు జరిగితే నిర్వాహకులకు ముందే ఉత్తరం రాయండి. 'సాయం చేస్తాను' అని కాదు, 'చక్రం బెండు తీయగలను, బేరింగు మార్చగలను, ఇన్ని కుర్చీలు బాగు చేశాను' అని. కేంద్ర ప్రభుత్వం మై భారత్ పోర్టల్‌లో వాలంటీర్ అవకాశాలు పెడుతుంటుంది, అందులో పేరు నమోదు చేసుకోండి. మీ కాలేజీ గ్రౌండ్‌లోకి, లైబ్రరీలోకి కుర్చీ మీద వచ్చే దారి ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. క్రీడల్లో దివ్యాంగులకు సమాన అవకాశం ఇవ్వాలని 2016 చట్టం 30వ సెక్షన్ చెప్తోంది. చట్టం కాగితం మీద ఉంది, ర్యాంపు నేల మీద ఉండాలి.

చేతిపనికి విలువ లేదన్న మాట నమ్మి, ఒక్క సాఫ్ట్‌వేర్ కోర్సు చుట్టూ వేలమంది తిరుగుతున్న కాలం ఇది. ఆ వరుసలో మీరు ఎన్నో నంబరో మీకే తెలియదు. ఇక్కడ వరుసే లేదు. పని ఉంది, చేసేవాళ్లు లేరు, ఎదురుచూసే మనుషులు ఉన్నారు. ముందు పని నేర్చుకోండి. నేర్చుకున్నాక ఆ పనికి కూలి అడగండి. రెండూ గౌరవమే.